మందు సీసా మీది రంగులు – మన కర్తవ్యము

మన తెలుగులో "మందు" అను మాట ఒకటున్నది. జ్వరము వచ్చిన బిడ్డకు వైద్యుడిచ్చునది మందు. పత్తి చేనిలో పురుగును చంపుటకు చల్లునది మందు. ఎరువుల దుకాణమునుండి బండి మీద వచ్చు యూరియా బస్తా మందు బస్తా. చీకటి పడిన పిదప కొందరు త్రోవ మార్చుకొని వెళ్లి త్రాగి వచ్చునదియు మందే. ఉర్దూ మాతృభాషగా గల మన సోదరులు తమ భాష ఇందుకు భిన్నమని సంతోషించుటకు వీలు లేదు. వారి ఇండ్లలోను పురుగుల మందును "దవా" అనియే పిలుచుచున్నారు. ప్రాణము తీయు పదార్థమునకు ప్రాణము నిలుపు పదార్థము యొక్క పేరు పెట్టుటలో రెండు భాషలును ఒక్క బడిలోనే చదివినట్లున్నవి.

సీసా మీద కంపెనీవారు అంటించు చీటీ కంటె ముందుగా మన నాలుక అంటించు చీటీ ఇది. దీనిని గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయవలెనని మాకు తోచుటకు కారణము కలదు. మన కళాశాలకు గద్వాల, వనపర్తి, నాగర్ కర్నూలు ప్రాంతముల పల్లెలనుండి వచ్చు విద్యార్థులు అనేకులు. వారిలో కొందరితో కలిసి మేము సెలవు దినములలో చేలకు వెళ్లి, గట్ల మీద పడియున్న ఖాళీ సీసాలను ఏరి, వాటి మీది రంగు గుర్తు దేనికని అక్కడి కూలీలను అడిగితిమి. "గది కంపెనీ గుర్తు సార్" అని చెప్పినవారే ఎక్కువ. ఆకుపచ్చ గుర్తును చూచి ఒక అవ్వ, "పంటను పచ్చగ చేసే మందు బిడ్డా, అందుకే పచ్చది పెట్టిన్రు" అనినది. ఎర్ర గుర్తును చూచి ఒక యువకుడు, "ఎర్రదైతె గట్టి మందన్నా, ఒక్క దెబ్బకు పురుగు రాలుతది" అనినాడు. ఆ యువకుడు చెప్పినది అసత్యము కాదు. అయితే ఆ గుర్తు పురుగును ఉద్దేశించి వేసినది కాదు, తనను ఉద్దేశించి వేసినదని అతనికి ఎవరును చెప్పలేదు.

గుర్తు యొక్క అర్థమిది. 1968 నాటి క్రిమిసంహారకముల చట్టము క్రింద 1971లో నియమావళి వెలువడినది. ప్రతి సీసా చీటీ మీద మూల మీద నిలబెట్టిన చతురస్రమొకటి ఉండవలెనని, అది చీటీ ముఖభాగములో పదునారవ వంతుకు తగ్గరాదని అందులో కలదు. ఆ చతురస్రము రెండు త్రికోణములుగా విడిపోవును. క్రింది త్రికోణములో రంగు, పై త్రికోణములో హెచ్చరిక మాట ఉండును. ఎరుపు మిక్కిలి తీవ్రమైన విషమునకు గుర్తు. దాని పైభాగమున పుర్రె, రెండు ఎముకలు, "విషము" అను మాట ఉండును. పసుపు దాని తరువాతి మెట్టు. అక్కడను "విషము" అనియే ఉండును గాని పుర్రె ఉండదు. నీలము మీద "ప్రమాదము" అనియు, ఆకుపచ్చ మీద "జాగ్రత్త" అనియు ఉండును. ఎలుకలకు తినిపించిన పరీక్షలలో, వాటి దేహపు బరువు కిలో ఒక్కింటికి 50 మిల్లీగ్రాములు గాని అంతకు తక్కువ గాని ఇచ్చినంతనే సగము ఎలుకలు చనిపోయిన పదార్థము ఎర్ర త్రికోణమునకు చెందును. ఎలుక లెక్కను మనిషికి తిన్నగా అన్వయించుట సరి కాకపోయినను, ఊహ కొరకు చెప్పవలెననిన, 50 కిలోల మనిషికి అది రెండున్నర గ్రాములు. చాయ చెంచాలో సగము.

ఈ రంగులను ఎన్నుకొన్నవారు మన ఇండ్లలోనికి తొంగి చూచినట్లు లేదు. ఎరుపును పసుపును ప్రక్కప్రక్కన చూచిన మన తెలుగు ఇల్లాలికి పసుపు కుంకుమలు జ్ఞప్తికి వచ్చును. గడపకు, పేరంటపు పళ్లెమునకు ఆ రెండు రంగులే శోభ. ఆకుపచ్చ యనిన ముస్లిం గృహములో దర్గాకు సమర్పించు చాదరు, రైతు గృహములో నిండిన పైరు. అనగా రైలు దీపములును మోటారు దారులును ఎరిగిన పట్టణవాసికి ఎరుపు ఆగుమని చెప్పును గాని, పల్లెవాసికి రంగు తనంతట తాను ఏమియు చెప్పదు, చెప్పినను శుభమనియే చెప్పును. అందులోను ఆకుపచ్చ త్రికోణము నిర్భయమని చెప్పునది కాదు, విషములలో మెత్తనిది అని మాత్రమే చెప్పునది. ఇక చీటీలోని అక్షరముల విషయము. హిందీ, ఇంగ్లీషు, అమ్మకము జరుగు ప్రాంతపు భాషలు ఒకటి రెండింటిలో ముద్రించవలెనని నియమము. గోరంత సీసా మీద అన్ని భాషలు పట్టించునప్పటికి అక్షరములు చీమ తలకాయలగును. 2011 జనాభా లెక్కల ప్రకారము నేటి గద్వాల జిల్లా ప్రాంతములో అక్షరాస్యులు సగము మంది కూడ లేరు, రాష్ట్రమంతటిలో అదియే అట్టడుగు స్థానము. 2017లో శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికార భాషగా అంగీకరించినది. కాని సీసా మీద ఉర్దూ లిపిని మేము ఇంతవరకు చూడలేదు.

మన ప్రాంతమునకే ఈ విషయము ఎందుకింత ముఖ్యమో చెప్పవలసియున్నది. కృష్ణా తుంగభద్రల నడుమ నున్న నడిగడ్డ నేల చీరలకు ఎంత ప్రసిద్ధమో, పత్తి విత్తనమునకును అంత ప్రసిద్ధము. 1970లో సూరతు పరిశోధన కేంద్రమున డాక్టర్ సి.టి. పటేల్ గారు హెచ్-4 అను సంకర పత్తిని రూపొందించిన నాటినుండి దేశమున సంకర విత్తనపు వ్యవసాయము మొదలైనది. ఈ విత్తనము యంత్రములతో తయారగునది కాదు, చేతివ్రేళ్లతో తయారగునది. సాయంకాలము ఆడ మొక్క మొగ్గను గోటితో చీల్చి, అందలి పుప్పొడి కాడలను తీసివేసి గుర్తు పెట్టుదురు. మరునాటి ఉదయము మగ పువ్వును తెచ్చి దానికి రుద్దుదురు. దీనినే మనవారు క్రాసింగు అందురు. వారముల కొలది, ప్రతి మొక్క కడ, ప్రతి మొగ్గ కడ ఈ పని సాగవలెను. పని చేయువారిలో స్త్రీలు, ఆడపిల్లలు అధికము. పత్తికి పురుగు పీడ ఎక్కువ, విత్తనపు పత్తి విలువ అంతకంటె ఎక్కువ. కావున రైతు మందును ఉదారముగా కొట్టును. నిన్న కొట్టిన చేనిలోనికి నేడు తెల్లవారకముందే క్రాసింగు కూలీలు ప్రవేశింతురు. ఆకులు వారి ముఖమునకు, మెడకు, మోచేతులకు ఒరసికొనుచుండును. మంచు తడితో కలిసి ఆ విషము రవికెలోనికి ఇంకును. కొట్టినవాడు కనీసము పంపును మోసినందుకు విషము పట్టినానని ఎరుగును. ఈ పిల్లకు తాను విషమును ముట్టితినన్న సంగతియే తెలియదు.

ఇచ్చట ఒక సంగతిని నొక్కి చెప్పవలెను. పురుగుల మందు త్రాగినచో మనిషి చనిపోవునని మన పల్లెలలో తెలియనివారు లేరు. ఆ దుఃఖము చూడని ఊరు లేదు. ఎండ్రిన్ అను మందును ప్రభుత్వము 1990లోనే నిషేధించినను, "ఎండ్రిన్" అను మాట మాత్రము విషమునకు పర్యాయపదముగా ముసలివారి నోట ఇంకను నిలిచియున్నది. తెలియనిది మరొకటి. నోటితో త్రాగకున్నను అది చర్మము గుండా, కంటి తడి గుండా, పీల్చిన గాలి గుండా లోనికి పోవునని తెలియదు. అందుచేతనే మన సోదరులు డ్రమ్ములోని మందును మోచేతి వరకు చేయి పెట్టి కలుపుదురు. పంపు ముక్కు మూసుకొనిపోయినచో నోటితో ఊది తెరుతురు. అదే చేతితో బీడీ ముట్టింతురు. 2017లో మనకు పొరుగుననే యున్న మహారాష్ట్ర యవత్మాల్ జిల్లాలో పత్తి చేలకు మందు కొట్టిన రైతులు, కూలీలు ఇరువదిమందికి పైగా మరణించిరి. వందలమంది ఆసుపత్రుల పాలైరి. వారెవరును సీసా ఎత్తి త్రాగినవారు కారు.

సీసా మీద ఎంత చక్కని చీటీ యున్నను అది గట్టు దగ్గరనే ఆగిపోవును. దుకాణములో రైతు కొనును, డ్రమ్ములో రైతు పోయును. కూలీ వచ్చునప్పటికి పాలవలె తెల్లనైన నీరు తప్ప గుర్తులేమియు ఉండవు. పట్టణములోను ఇదే కథ. గద్వాల మగ్గములకు నూలు అద్దు ఇండ్లలో కాస్టిక్ సోడా, హైడ్రోస్ వాడుదురు. పెద్ద డబ్బా మీద హెచ్చరిక యుండవచ్చును గాని, చిల్లరగా పొట్లము కట్టించుకొని తెచ్చినపుడు చీటీ డబ్బాతోనే దుకాణములో ఉండిపోవును. హైడ్రోస్‌కు తేమ తగిలినచో తనంతట తాను వేడెక్కి మంట పుట్టునని పొట్లము చెప్పదు. వీధులలో సైకిలు మీద వచ్చు ఆసిడ్ కూల్‌డ్రింకు సీసాలలో వచ్చును. ఆ ఆసిడ్‌ను బ్లీచింగు పొడితో కలిపినచో క్లోరిన్ అను విషవాయువు లేచును. పాకీదొడ్లు, మురుగు కాల్వలు శుభ్రపరచు కార్మికునికి ఈ సంగతి బోధించినవారెవరు?

పాత్ర మారుటచేత, సరకులు కలిసిపోవుటచేత ఎంత ఘోరము జరుగునో చరిత్రలో కలదు. 1958లో ఒకే ఓడలో ఆహారపదార్థములను, ఫాలిడాల్ అను పురుగుల మందును కలిపి తెచ్చుటవలన కేరళ, మద్రాసు రాష్ట్రములలో వందమందికి పైగా విషాహారము తిని మరణించిరి. పైన చెప్పిన 1968 చట్టమునకు ఆ విషాదమే మూలము. ఆ చట్టము వచ్చి నలుబదియైదు ఏండ్లు గడచిన పిదప, 2013 జూలై 16న, బీహారులోని సారన్ జిల్లాలో మధ్యాహ్న భోజనము చేసి 23 మంది బడిపిల్లలు ప్రాణములు విడిచిరి. వంట నూనెలో మోనోక్రోటోఫాస్ బయల్పడినది. ఎర్ర త్రికోణపు మందు అది. ఖాళీ డబ్బా కడుగగనే మంచిదగునను నమ్మకము మన ఇండ్లలోను లేకపోలేదు. మంచినీళ్లు, కిరోసిన్, నూనె పోసుకొనుటకు అట్టి డబ్బాలను దాచుకొన్న ఇండ్లను మేము చూచితిమి. వాడిన డబ్బాలను పగులగొట్టి, నివాసములకు దూరముగా పాతిపెట్టవలెనని 1971 నియమావళిలోనే కలదు.

భాష తెలియని హెచ్చరిక ఎట్టిదో తెలిసికొనుటకు భోపాల్‌ను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిరేయి అక్కడి యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి వెలువడిన మిథైల్ ఐసోసయనేటు వాయువు వేల ప్రాణములను బలిగొన్నది. ఆ వాయువు దేనికొరకు నిల్వచేయబడినదో మన విద్యార్థులు చాలమంది ఎరుగరు. కార్బరిల్ అను పురుగుల మందు తయారుచేయుటకు. అనగా ఆ రాత్రి భోపాల్ బస్తీల మీద వాలినది మన చేలకు వచ్చు సరకు యొక్క తల్లి పదార్థమే. అక్కడి పని పుస్తకములు ఇంగ్లీషులో ఉండెను. పనివారిలో ఇంగ్లీషు చక్కగా తెలిసినవారు కొద్దిమంది. అంతకు మూడేండ్ల ముందు, 1981లో, ఫాస్జీన్ మీద పడిన ఒక కార్మికుడు తత్తరపాటులో ముఖమునకున్న ముసుగును ఊడదీసి, ఆ వాయువును పీల్చి మరణించెను. ముసుగు అతని దగ్గర ఉండెను. ఉన్నదానిని ఎప్పటివరకు తీయరాదో చేతికి, కంటికి అలవాటగునట్లు నేర్పుట వేరు. శిక్షణ అను మాటకు మేము చెప్పు అర్థమదియే. సభ పెట్టి ఉపన్యాసమిచ్చి సంతకములు తీసికొనుట శిక్షణ కాదు.

భోపాల్ తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు సవరణ వచ్చి, తాను ముట్టు పదార్థములను గూర్చి తెలిసికొను హక్కు, శిక్షణ పొందు హక్కు 111-ఏ సెక్షను ద్వారా కార్మికునికి లభించినది. 2025 నవంబరు 21 నుండి ఆ పాత చట్టము స్థానములో వృత్తిభద్రతా ఆరోగ్య స్మృతి అమలులోనికి వచ్చినది. పొట్ట చేత పట్టుకొని హైదరాబాదు చుట్టుపట్ల ఫ్యాక్టరీలకు పోవు మన పాలమూరు బిడ్డలు ఈ హక్కును తెలిసికొని పోవుట మంచిది. అయితే మన చేలు ఫ్యాక్టరీలు కావు. చేనికి ఇన్‌స్పెక్టరు రాడు, హాజరు పట్టీ ఉండదు. అట్లని చట్టము చేనిని పూర్తిగా విడిచిపెట్టినదా యనిన అదియును కాదు. 1971 నియమావళి 42వ నియమమును మన పాఠకులు ఒక్కసారి చదువవలెను. జాగ్రత్తలు పాటించుటలోను, రక్షణ సామగ్రి వాడుటలోను తగిన శిక్షణను మందులు తయారుచేయువారును, పంపిణీచేయువారును ఏర్పాటు చేయవలెనని అందులో కలదు. ఏబది ఏండ్లు దాటిన నియమమిది. కొత్త రకము మందు వచ్చినపుడు దాని గుణగణములు చాటుటకు జీపులు, మైకులు, భోజనములతో రైతు సభలు జరుగుట మేము చూచితిమి. ఆ సభలలోనే ఒక గంట త్రికోణమును గూర్చి చెప్పవలెనని అడుగుట దానము అడుగుట కాదు.

దీనికి వచ్చు ఆక్షేపణలు మాకు తెలియనివి కావు. "ఇరువది ఏండ్లుగా కొట్టుచున్నాము, మాకేమైనది?" అని రైతు అడుగును. ఏమైనదో అతనికి తెలియదు. తలనొప్పి వచ్చినచో ఎండదెబ్బ యనుకొనును, వాంతి అయినచో పైత్యమనుకొనును. రెండవ ఆక్షేపణ బలమైనది. భాద్రపదపు ఎండలో ఒంటినిండ రబ్బరు తొడుగులు, ముఖమునకు ముసుగు వేసికొని పంపు మోయుట మనుష్యమాత్రునికి సాధ్యమా? సాధ్యము కాదని మేమును ఒప్పుకొందుము. శీతల దేశములలో కుట్టిన ఆ దుస్తులను చూపి మన కూలీని నిర్లక్ష్యపరుడని నిందించుట అన్యాయము. కాని గాలికి ఎదురుగా కొట్టకుండుటకు ఖర్చు లేదు. కఱ్ఱతో కలుపుటకు ఖర్చు లేదు. నిండు చేతుల చొక్కా ఇంట్లోనే యుండును. చీటీలో చెప్పిన వ్యవధి గడువక ముందు క్రాసింగు కూలీలను చేనిలోనికి దింపకుండుటకు మాత్రము రైతుకు కొంత నష్టము కలదు. మొగ్గ ఆగదు గదా. ఆ నష్టము ఎవరు భరించవలెను అన్నదే అసలు తగవు. విత్తనపు ధర నిర్ణయించువారు ఆ దినమును లెక్కలో వేయనంతవరకు అది కూలీ దేహము మీదనే పడుచుండును.

ఇక పిల్లల సంగతి. 2016 సవరణ పదునాలుగేండ్ల లోపు వారిని పనికి పెట్టుటను నిషేధించి, బడి వేళల తరువాతను సెలవులలోను కుటుంబపు పనిలో తోడ్పడుటకు మినహాయింపు నిచ్చినది. ప్రమాదకరమైన పని యైనచో ఆ మినహాయింపు లేదు. మందు కొట్టిన చేను ప్రమాదకరమైనదా కాదా అని తల్లిదండ్రులు తేల్చుకొనుటకు వారికి ఆ త్రికోణమును చదువుట రావలెను గదా. మన తరగతులలోనే, క్రాసింగు కాలమున హాజరు తగ్గు విద్యార్థులున్నారు. వారిని మందలించుటకు ముందు ఎందుకు రాలేదని అడుగవలసినదని అధ్యాపకులకు మనవి.

ఇతరులకు చెప్పుటకు ముందు మన ఇల్లు చక్కబెట్టుకొనవలెను. మన రసాయనశాల అలమారలో చీటీ ఊడిపోయిన సీసాలు కొన్ని ఉండెడివి. లోపల ఏమున్నదో వాసన చూచి చెప్పువారే మాలో నేర్పరులుగా చలామణి అయిరి. ఒకనాడు అమ్మోనియా సీసాను అట్లే వాసన చూచి మాలో ఒకరు కన్నీరు కార్చుకొనుచు నేల మీద కూలబడిన పిదప ఆ నేర్పరితనము అడుగంటినది. ఇప్పుడు ప్రతి సీసా మీద పేరు, గుర్తు, మూత తీసిన తేది వ్రాయుచున్నాము. అది చూచి అటెండరుగారు తమ ఫినాయిల్ డబ్బాకు కూడ చీటీ అంటించిరి.

మా మనవి ఇది. మన కళాశాలలో తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడును చదువగలవారు ఒకే బల్ల మీద కూర్చుండుచున్నారు. సీసా మీది చీటీని చేతిలోని కూలీకి వినిపించుటకు ఇంతకు మించిన సంఘము ఏ ఆఫీసులోను దొరకదు. 1969లో స్థాపింపబడిన జాతీయ సేవా పథకపు శిబిరములలో ఏటేట మనవారు బావులు పూడిక తీయుచున్నారు, చెట్లు నాటుచున్నారు. వచ్చు శిబిరము క్రాసింగు మొదలగుటకు ముందు, నడిగడ్డ పల్లెలలో, ఈ పని కొరకే జరుగవలెను. చేతిలో ఖాళీ సీసాలు, ఒక చిత్రపటము చాలును. విషము సోకిన గురుతులను మాటలతో గాక ముఖముతో చూపవలెను. తల నొప్పి, ఒళ్లంతా చెమట, నోట నీరూరుట, చూపు మసకబారుట, కంటిపాప ఆవగింజంత యగుట, కండరములు అదురుట. అపుడు బట్టలు విప్పి సబ్బుతో కడిగి ఆసుపత్రికి చేర్చవలెను. అన్నిటికంటె ముఖ్యముగా సీసాను వెంట తీసికొని పోవలెను. ఏ విషమో తెలియక వైద్యుడు చీకటిలో వెదకు గడియలు దానివలన మిగులును. విరుగుడు ఏదో ఆ చీటీ మీదనే వ్రాసియుండును. చదువురాని మనిషి కూడ మోసికొని పోగల అక్షరమది.

పాలకవర్గము వారు కాగితము, అచ్చుకూలి ఇచ్చినచో రెండు లిపులలో పటమును ముద్రించి ఎరువుల దుకాణములకు, మసీదుల ముంగిట, గుడి మంటపములలో, పంచాయతీ గోడలకు అంటింతుము. ఉర్దూ ప్రతిని మా మిత్రులు సిద్ధము చేసిరి. ఆకుపచ్చ త్రికోణము ప్రక్క "ఖబర్‌దార్" అని వ్రాసిరి. తెలుగులో ఆ మాట బెదిరింపుగా మారినది గాని ఉర్దూలో దాని అసలు అర్థము సమాచారము తెలిసినవాడు అని వారు వివరించినపుడు మాకు ముచ్చట వేసినది. తెలుగు ప్రతి మాత్రము ఇంకను పూర్తి కాలేదు. శీర్షికలో "పురుగుల మందు" అనవలెనా, "పురుగుల విషము" అనవలెనా అన్న తగవు మాలో తీరలేదు. విషమనినచో దుకాణదారుడు తన గోడ మీద అంటించనీయడని కొందరు, మందనినచో పటము వేయుటయే దండుగ యని కొందరు. విషము అనియే వ్రాసి, ఒప్పుకొనని దుకాణము ఎదుటి కరెంటు స్తంభమునకు కట్టుదమని మా అభిప్రాయము. పాలకవర్గము వారి నిర్ణయము జూన్ లోపల తెలిసినచో తొలకరికి అచ్చు పని ముగియును.